కుడిచేతి గేరు

ఎడమచేతి గేరు మొదటిసారికే పలికింది కదా, బొటనవేలితో నొక్కగానే పెడలు దగ్గరి చైను చిన్న చక్రం మీంచి పెద్ద చక్రం మీదకి ఎగిరి కూర్చుంది, మరి అదే చేత్తో, అదే వరండాలో, అవే మరలు తిప్పే తాళాలతో నేను బిగించిన కుడిచేతి గేరు ఎందుకు మొండికేసినట్టు, నా పనిలో లోపముంటే రెండూ చెడాలి గానీ ఒకటి బాగుండి ఒకటి చెడడం ఏమిటి, కాబట్టి లోపం నాది కాదు, దానిదే, ఇంకోసారి చూద్దాం, ఎడమచేత్తో పెడలు తిప్పుతూ కుడిచేత్తో మీట నొక్కాను, టక్, వెనక చైను ఒక మెట్టు ఎక్కింది, టక్, ఇంకో మెట్టు, టక్, ఇంకోటి, అంతే, ఆ తర్వాత మీట బిగుసుకుపోయింది, వెనక చక్రానికి పేర్చిన ఏడు పళ్లచక్రాల్లో పైన పెద్దవి మూడూ చైను తగలక ఖాళీగా మెరుస్తున్నాయి, వాటిని కిరసనాయిలు పెట్టి తోమింది నేనే, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో సందుసందునా తోమాను, అలా మెరవక ఏం చేస్తాయి, ఎంత తోమితే ఏం లాభం, చైను ఎక్కనప్పుడు. సైకిలు మాత్రం అందంగా వేలాడుతోంది, పాత నూలు చీరతో సీటుని ఉయ్యాల కొక్కేనికి కట్టి వెనక చక్రం నేలకి తగలకుండా ఎత్తాను, ఈ ఉపాయం ఫోనులో చూసిన ఏ వీడియోలోనూ లేదు, వాళ్లందరికీ ఇనప స్టాండ్లున్నాయి, నాకు చీరుంది.

బాలాజీ రైలెక్కేశాడు, గుడివాడ స్టేషన్లోంచి ఫోను చేశాడు, అక్కా బయల్దేరాను, నువ్వు వాటి జోలికెళ్లకు, సంచులు అలాగే ఉంచు, నేనొచ్చి బిగించేస్తాగా అన్నాడు, నా తమ్ముడు మంచివాడే, తన ఇంట్లో గోడకి తగిలించి వదిలేసిన గేర్ల సైకిలు నేను అడగ్గానే కాదనలేదు, పోయిన ఆదివారం రైల్లో జనం మధ్య విప్పని సైకిలు పట్టదని ముక్కలు ముక్కలుగా విప్పి గోనెసంచుల్లో పెట్టి చిలకలపూడి స్టేషన్లో దింపాడు, మళ్లీ ఆదివారం వస్తానక్కా, అప్పటిదాకా ఓ మూల పడెయ్యి అని వెళ్లాడు, వాడు తిరిగి గుడివాడ చేరే లోపలే నేను సంచులు విప్పేశాను, వాడికి తెలియదు. హ్యాండిలు నేనే బిగించాను, చక్రాలు నేనే ఎక్కించాను, బ్రేకులు రాసుకోకుండా సరిచేశాను, చైను వేశాను, ఇప్పుడు వాడొచ్చి ఈ వరండాలో నిలబడి, పెడలు తిప్పి, మూడు మెట్లెక్కి ఆగిపోయిన చైనుని చూసి, జరుగక్కా, నేను చూస్తానుగా అని ఆ తాళం నా చేతిలోంచి తీసుకున్నాడా, అయిపోయినట్టే, ఇంత పనీ చేసి చివర ఒక్క మరతో అది బాలాజీ బిగించిన సైకిలైపోతుంది, వీధిలో ఎవరడిగినా మా తమ్ముడు బిగించాడండీ అనే చెప్పాలి, అది పాతబడి తూకానికి వేసేదాకా అదే మాట, నేను ఒప్పుకోను, గుడ్లవల్లేరు దాటి ఉంటాడా, ఇంకా దాటి ఉండడు, ఈ లైన్లో రైలు ప్రతి చోటా ఆగి ఊపిరి పీల్చుకుంటుంది.

ఇదేం పట్టుదలే అంటారు ఆయన, మా ఆయన బాబ్జీ, ఆయనకి అర్థం కాదు, కాదు, అర్థమవుతుంది, అయినా కానట్టుంటారు, ఎందుకంటే ఆయనదీ నాలాంటి బతుకే, మా చిలకలపూడిలో ఒక గిల్టు నగ ఒక్క చేతిలో పుట్టదు, రేకు మీద అచ్చు కొట్టేది ఒక ఇల్లు, టంకం పెట్టి అతికేది ఇంకో ఇల్లు, రాళ్లు పొదిగేది వేరే సందులో, పూత వేసేది మరొకచోట, పెట్టెలో సర్ది ఊళ్లకి పంపేది ఇంకెవరో, నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ కొక్కేలకి టంకం పెడుతున్నాను, హారాలకి, నెక్లెసులకి వెనక మెడ దగ్గర తగిలించుకునే కొక్కెం, నా టంకం ఊడిందన్న మాట లేదు, పసిపిల్లలు పట్టుకుని లాగినా ఊడదు, ఆయన పూత వేస్తారు, పెళ్లిళ్లలో ఎవరి మెడలోనైనా మా సందులోంచి వెళ్లిన హారం కనపడితే నేను ఆయన్ని మోచేత్తో పొడిచి, చూడండి, అది మనదే అంటాను, పూత నాది, కొక్కెం నీది, హారం ఎవరిదో మరి అంటారు ఆయన, నవ్వుతూనే అంటారు, నాకూ నవ్వొస్తుంది, కానీ ఆ కొక్కెం జడ కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఒకసారి అడిగాను కూడా, అచ్చు కొట్టే పున్నయ్య బాబాయి దగ్గరికెళ్లి, బాబాయి, ఒక్క జత జుంకీలు మొదటినుంచీ చివరిదాకా నేనే చేస్తాను, అచ్చు మిషను మీద ఒక పూట కూర్చోనిస్తావా అన్నాను, ఆయన కోప్పడలేదు, అంతా నువ్వే చేసేస్తే మేమందరం ఏం చెయ్యాలమ్మాయ్ అని నవ్వి టీ ఇప్పించాడు, ఆ టీ తాగుతూ నాకెంత బాధేసిందో ఎవరికీ చెప్పలేదు, ఆ జుంకీలు ఇప్పటిదాకా చెయ్యలేదు.

సరే, వీడియోలో అబ్బాయి చెప్పింది ఏమిటి, చైను పెద్ద చక్రం మీదకి ఎక్కకపోతే వెనక వేలాడే చెయ్యి, అదే చైనుని అటూ ఇటూ జరిపేది, దానికి ఉన్న రెండు చిన్న మరల్లో ఎల్ అని రాసున్నది బిగుసుకుని అడ్డం పడుతోందేమో చూడమన్నాడు, చూశాను, వదులు చేశాను, తిప్పేముందు గోళ్లరంగుతో గుర్తు పెట్టుకున్నాను, అంత తెలివితక్కువదాన్నేం కాదు, ఎక్కలేదు, మీట లాగే వైరు చాలినంత బిగువుగా లేకపోతే వైరు చివర వేళ్లతో తిప్పే మరని బయటికి తిప్పమన్నాడు, తిప్పాను, పూర్తిగా తిప్పాను, ఇంకొంచెం తిప్పితే ఊడి చేతిలోకొస్తుంది, ఇంకో మెట్టు ఎక్కినట్టే ఎక్కి కిందామీదా పడి గరగరమని మళ్లీ దిగిపోయింది, పోనీ రైల్లో సంచి ఎవరి కాళ్ల కిందో పడి ఆ చెయ్యి వంగిందా అని వెనక నుంచి ఒంటికన్నుతో చూశాను, నిటారుగానే ఉంది, టంకం పెట్టే కన్నిది, వంకర ఉంటే దొరక్కుండా పోదు. ఉప్పుగాలి పట్టేసుంటుందే, బందర్లో ఏ ఇనుము బతికింది గనక అన్నారు ఆయన పేపరు వెనకనుంచి, కొబ్బరినూనె పోద్దామా అన్నారు, వద్దండీ మహానుభావా, అది దోసెల పెనం కాదు అన్నాను, అసలు బందరంతా చాపలా పరిచి ఉంటేనూ, కొండా లేదు గుట్టా లేదు, నీకు గేర్లెందుకే అన్నారు, ఈ ప్రశ్న ఈ వారంలో ఆయన అడగని పూట లేదు, మధ్యాహ్నం దాటాక సరుకు డబ్బా వెనక కట్టుకుని గాలికి ఎదురు తొక్కి చూడండి ఒకసారి, సముద్రం వైపునుంచి వచ్చే ఆ గాలి గుండెల మీద చెయ్యేసి వెనక్కి తోస్తుంది, గేర్లు లేని నా ముసలి సైకిలు మీద లేచి నిలబడి తొక్కేదాన్ని, మా కొండ గాలేనండీ, అవనిగడ్డ మార్తమ్మ అమ్మకానికి నగల సెట్లు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా చెప్తుంది, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటేటప్పుడు గాలి వంతెన మీద మనిషిని అడ్డంగా నెట్టేస్తుంది వదినా, గేర్లుంటే చూడు, కూర్చునే దాటొచ్చు అంటుంది, దాటి చూపిస్తాను, చల్లపల్లి మీదుగా వెళ్లి వాళ్లింటి ముందు బెల్లు కొడతాను, అమ్మో ఎంత పొగరే అంటుంది, అననీ.

ఫోను మోగింది, కవుతారం దాటాడట, రైలు నిండుగా ఉందట, అక్కా ఎల్ ఆకారం తాళాల సెట్టు తెస్తున్నాను, నీ దగ్గర ఉండవుగా అన్నాడు, ఉన్నాయిరా, మొన్నే బందరు కోనేరు సెంటర్లో కొన్నాను అని నోటిదాకా వచ్చి మింగేశాను, ఊఁ రా అన్నాను, అంతే, ఫోను పెట్టాక కోపమొచ్చింది, ఎవరి మీద కోపమో తెలియదు, మీట ఊరికే నొక్కాను, వదిలాను, నొక్కాను, పోనీ మీటే చెడిందేమో చూడరాదూ, ఆ మీటలుండే షిఫ్టరు విప్పి అన్నారు ఆయన, పేపరు మడిచి పక్కన పెట్టి నిజంగానే అడిగారు, షిఫ్టరు జోలికి నేను వెళ్లను అన్నాను, అది అయిపోయింది, మొన్న శుక్రవారం చేశాను దాన్ని, మూత విప్పి, లోపలి ఎండిన గ్రీజు పుల్లతో గీకి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, నొక్కి చూసుకుని, టక్ టక్ టక్ అని ఎంత బాగా పలికిందో, అంకెలు చూపించే అద్దం ఎండకి తెల్లబడి ఏమీ కనపడదు గానీ పలకడం మాత్రం వెండి గజ్జెలా పలికింది, మెత్తటి గుడ్డలో చుట్టి అలమరలో పెట్టాను, శనివారం తీసి అలాగే హ్యాండిలుకి బిగించాను, అయిపోయిన పనిని మళ్లీ విప్పుతారా ఎవరైనా. మా సందుల్లో విప్పరు, అది మర్యాద, ఒక ఇంటి పని ముగిసి రెండో ఇంటికి వచ్చిందంటే ఆ రెండో ఇంటివాళ్లు దాన్ని గీకి చూడరు, గుచ్చి చూడరు, తమ పని తాము చేసి ముందుకి పంపిస్తారు, అనుమానించి చూశారంటే ముందింటివాళ్ల ముఖం మీద కొట్టినట్టే, కొత్తగా వచ్చిన ఒక కోడలు తెలియక ఆకురాయితో అతుకు గీకి చూసిందని రెండిళ్లకీ మాటల్లేకుండా పోయాయి, పండక్కి పిండివంటలు కూడా వేరే ఇంటి చేత పంపించుకున్నారు, నేను ఇన్నేళ్లలో ఎవరి పనినీ విప్పి చూడలేదు, నా పనినీ ఎవరూ చూడలేదు, అదే గౌరవం అనుకున్నాను.

కిందకి దిగేటప్పుడు మాత్రం, ఇది ఇందాకటినుంచీ జరుగుతోంది, నేను పట్టించుకోవడం లేదు, చూపుడువేలి మీట నొక్కితే చైను ఒక్కో మెట్టూ చక్కగా దిగుతుంది, టక్, టక్, టక్, అన్నిటికంటే చిన్న చక్రం మీదకి వచ్చేస్తుంది, ఇక దిగడానికి చోటులేదు, అయినా మీట ఇంకా పలుకుతుంది, టక్, ఏమీ కదల్లేదు, టక్, టక్, ఏమీ కదల్లేదు, పైన మూడు మెట్లు దొరకడం లేదు, కింద మూడు చప్పుళ్లు ఉత్తివే పోతున్నాయి, పైన మూడు, కింద మూడు, ఆగు, ఆగవే రాధా, వైరు చూడు, ఆ ఉత్తి చప్పుళ్లకి వైరు వదులై కింద ఉరిలా వేలాడుతోంది, వదులు తీగ చూస్తే నాకు పడదు, తీగ లాగి బిగువుగా పట్టుకోకుండా టంకం పెట్టడమనేది నా చేతికి తెలియదు, శనివారం కూడా శ్రావణంతో, అదే టంకం పెట్టేటప్పుడు తీగ పట్టే పట్టకారుతో, పట్టుకుని చివరిదాకా లాగి, వీణ తీగలా పలికేదాకా లాగి మరీ బిగించాను, అంత లాగిన తీగ వదులెలా అయింది, లాగినప్పుడు వదులు లేదు, అంటే లాగినప్పుడు మీట ఎక్కడుంది, మీట ఎక్కడుంది అప్పుడు, అడుగున ఉండాలి, పూర్తిగా వదిలేసి ఉండాలి, అప్పుడే కదా అడుగునుంచి పైదాకా ఏడు మెట్లూ దానికి దక్కేది, శుక్రవారం నేను టక్ టక్ టక్ అని ముచ్చటపడి మూడుసార్లు నొక్కి, నొక్కినది నొక్కినట్టే గుడ్డలో చుట్టి పెట్టాను, శనివారం గుడ్డ విప్పి అదే వాలకంలో హ్యాండిలుకి బిగించాను, ఒక్కసారి వదిలి చూడలేదు, చూస్తే శుక్రవారం చేసిన మనిషికి అవమానమన్నట్టు, ఆ మనిషి ఎవరు, నేనే, నా పక్కింటిదాన్ని నేనే అయినా దాని పని విప్పి చూడ్డానికి నాకు చేతులాడలేదు, ఎంత వెర్రిదాన్నే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని సందుకో ఇల్లు కట్టుకున్నాను.

నవ్వొచ్చింది, గట్టిగానే వచ్చింది, ఏమైందే అన్నారు ఆయన, ఏం లేదండీ, ఒకావిడ పని విప్పుతున్నాను, ఏమీ అనుకోదులే అన్నాను, ఆయన లేచి వచ్చారు, తాళం పట్టుకోనా అన్నారు, వద్దు, చైను చిన్న చక్రం మీద ఉండేలా పెడలు మాత్రం తిప్పండి అన్నాను, ఆయన కింద గొంతుక్కూర్చుని బుద్ధిగా పెడలు పట్టుకున్నారు, వెనక వైరు పట్టుకున్న మర వదులు చేశాను, వైరు తప్పుకుంది, చూపుడువేలి మీట నొక్కుతూ పోయాను, ఇక పలకదు అన్నదాకా నొక్కి ఇంకోసారి కూడా నొక్కాను, నమ్మకం లేక, పలకలేదు, ఇదీ అడుగు, ఇక్కడినుంచి మొదలు, బయటికి తిప్పేసిన వేళ్ల మరని మొత్తం లోపలికి తిప్పి రెండు చుట్లు మాత్రం బయటికి తెచ్చాను, ఎల్ మరని గోళ్లరంగు గుర్తు దగ్గరికి తెచ్చి పెట్టాను, లేకపోతే చైను పెద్ద చక్రం దాటి సైకిలు చక్రం పుల్లల్లో పడుతుంది, ఇప్పుడు శ్రావణం, లాగు, బిగువు, అంతే, మర బిగించు, ఆయన పెడలు తిప్పుతుంటే నేను బొటనవేలు ఆనించాను, టక్, ఎక్కింది, టక్, ఎక్కింది, టక్, ఇందాక ఆగిపోయిన చోటు ఇదే, టక్, ఎక్కింది, ఎక్కేసింది, టక్, టక్, అన్నిటికంటే పెద్దదాని మీద, నేను తోమిన ఆ మెరుపు మీద చైను నల్లగా కూర్చుని తిరుగుతోంది, మళ్లీ దింపాను, ఒక్క చప్పుడు కూడా ఉత్తిగా పోలేదు, మధ్యలో ఒకచోట చిన్న గరగర, వేళ్ల మర పావుచుట్టు, ఇంకో పావు, పోయింది, చక్రం గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు, ఆయన తల పైకెత్తి నన్ను చూశారు, భలేదానివే అన్నారు, మామూలుగానే అన్నారు, పొద్దున్నే కాఫీ బాగుంది అన్నట్టు, కానీ ఆయన ఆ మాట అనడం నాకు కావాలి, కావాలనే ఉంది, వినగానే ఒళ్లంతా వెచ్చబడింది.

రైలు కూత వినపడింది, స్టేషనునుంచి మా ఇంటికి ఎంతసేపని, చేతులు కడుక్కుందామనుకున్నాను, కడుక్కోలేదు, ఉండనీ ఆ నలుపు, కనపడాలి, వాడు గేటు తీసుకుని భుజానికి సంచితో వచ్చి వేలాడుతున్న సైకిలుని చూసి అక్కడే ఆగిపోయాడు, ఎవర్ని పిలిచారు బావా అని ఆయన్ని అడిగాడు, నన్ను కాదు, ఎవర్నీ పిలవలేదురా, మీ అక్కే అన్నారు ఆయన, వాడు నమ్మలేదు, సంచి దించి, పెడలు తిప్పి, మీట నొక్కుతూ పైదాకా వెళ్లి కిందదాకా వచ్చాడు, ఎడమచేతిదీ చూశాడు, బ్రేకులూ నొక్కాడు, చీర ముడి కూడా చూశాడు, అక్కా, మొత్తం నువ్వేనా అన్నాడు, మొత్తం నేనేరా అన్నాను, మరి ఎక్కడా ఇబ్బంది రాలేదా అన్నాడు, వచ్చింది, కుడిచేతి గేరు పొద్దున్నంతా ఎక్కలేదు అన్నాను, రైల్లో సంచి నలిగి వైరు జరిగుంటుందిలే, నేనే సరిగ్గా సర్దలేదు అన్నాడు పాపం, ఎంత తేలిగ్గా అందించాడో ఆ మాట, తీసుకుంటే సరిపోయేది, అందరం అలాగే తీసుకుంటాం, ఊళ్లనుంచి సరుకు వెనక్కి తిరిగొచ్చినప్పుడు టంకం వాళ్లం రేకు పల్చనంటాం, రేకు వాళ్లు పూత ఆసిడ్డు తినేసిందంటారు, పూత వాళ్లు రాళ్ల దగ్గర వంచేశారంటారు, పెట్టె ఇంటింటికీ తిరిగి తిరిగి ఎక్కడా దిగకుండా పోతుంది, నా నోరు మాత్రం ఆగలేదు, కాదురా, సంచీ కాదు నువ్వూ కాదు, మీట నొక్కి ఉంచి వైరు బిగించాను, నేనే తప్పు బిగించాను, నేనే పట్టుకున్నాను అన్నాను, అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది, సిగ్గు పడుతున్నానేమో అని లోపల వెతుక్కున్నాను, సిగ్గు లేదు, గర్వమే ఉంది, గేర్లన్నీ పలికినప్పటికంటే ఎక్కువ ఉంది, ఇన్నేళ్లలో ఒక హారం నాదని ఎందుకు అనుకోలేకపోయానో ఇప్పుడు తెలిసింది, అందులో ఏది పాడైనా అది నా తప్పేనని చెప్పే వీలు నాకెప్పుడూ లేదు, ఇందులో తప్పు ఎక్కడ జరిగినా చేసింది నేనే, వేరే ఇల్లు లేదు, అందుకే ఈ సైకిలు నాది.